దిగబడిన బండికి ఏ సామాను? పార నుంచి వించ్ దాకా ఎంపిక లెక్క

2,500 కిలోల బండి గట్టి రోడ్డు మీద న్యూట్రల్‌లో ఉంటే దాన్ని కదిలించడానికి సుమారు 100 కిలోల లాగుడు చాలు. ఇద్దరు మనుషులు నెట్టేస్తారు. అదే బండి మెత్తటి పొడి ఇసుకలోకి వస్తే లాగుడు 600 కిలోలు దాటుతుంది. బంకమట్టి ఊబిలో బండి బరువులో సగం, అంటే 1,250 కిలోలు కావాలి. చక్రాలు రిమ్ముల దాకా దిగబడితే బండి బరువంత, 2,500 కిలోలు. బురద ఫెండర్ల (చక్రాల పైని రేకుల) దాకా వచ్చిందంటే అందుకు రెట్టింపు. ఎదురుగా ఎత్తు ఎక్కాల్సి ఉంటే ప్రతి డిగ్రీ వాలుకూ బరువులో అరవయ్యో వంతు కలుపుకోవాలి. 15 డిగ్రీల గట్టు ఎక్కించాలంటే ఇంకో 625 కిలోలన్నమాట.

ఇవి ప్రయోగశాల కొలతలు కావు. సైనిక వాహనాల రికవరీ దళాలు (దిగబడిన బండ్లను బయటికి తీసేవాళ్లు), ఆఫ్‌రోడ్ శిక్షకులు పని దగ్గర నోటితో వేసుకునే మోటు లెక్కలు. అయినా ఏ సామాను కొనాలో తేల్చడానికి ఇంతకన్నా మంచి ఆధారం లేదు.

ఫెండర్ల దాకా కూరుకుపోయి, ముందు 15 డిగ్రీల గట్టు ఉన్న బండిని తీసుకుందాం. 5,000, 625 కలిపితే 5,625 కిలోలు. ఈ తరగతి బండ్లకు ఎక్కువగా బిగించే వించ్ (మోటారుతో తాడును డ్రమ్ముకు చుట్టుకుంటూ బండిని లాగే యంత్రం) బలం సుమారు 4,300 కిలోలు. అది మొరాయిస్తుంది. కప్పీ వేసి బలాన్ని రెట్టింపు చేయవచ్చు. కానీ బండి చాసిస్ మీద, రికవరీ పాయింట్ల (బండికి లాగే తాడు తగిలించే చోట్ల) మీద, అవతలి చెట్టు మీద పడే భారం ఏమీ తగ్గదు. బదులుగా ఒక గంట పార పట్టి చక్రాల ముందు మట్టి తీసి, పొట్ట కింద ఖాళీ చేస్తే లెక్క మళ్లీ ఊబి దగ్గరికి వస్తుంది. 1,250, 625 కలిపి 1,875. అప్పుడు అదే వించ్ సగం బలంతో తేలిగ్గా లాగేస్తుంది. రికవరీ సామాను ఎంపికకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. లాగుడు పెంచే సామానుకన్నా అడ్డు తగ్గించే సామాను ముందు కొనాలి. అది చవక, తేలిక. అన్నిటికన్నా ముఖ్యంగా, దానివల్ల ప్రాణం పోయే ప్రమాదం చాలా తక్కువ.

పార, గాలి, బోర్డులు

పార ఎంపికలో చూడాల్సింది పిడి పొడవు. మడతపెట్టి సంచిలో పెట్టుకునే పొట్టి పారలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. తీరా పనికి దిగాక దాంతో డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేరు పెట్టె) కింద మట్టి లాగాలంటే మనిషి బండి కిందికి దూరాలి. దిగబడిన బండి ఎప్పుడైనా ఇంకాస్త కుంగవచ్చు కాబట్టి దాని కిందికి తల, భుజాలు పోనివ్వకూడదు. బయట మోకాళ్ల మీద కూర్చుని ఇరుసు అవతలి దాకా అందుకునేంత పిడి, కనీసం మీటరు, ఉండాలి. ఇసుకకు వెడల్పాటి చదునైన అలుగు, బురదకూ గడ్డి వేళ్లకూ మొన తేలిన అలుగు బాగుంటాయి. ఒకటే కొనాలంటే మొన తేలినది.

తవ్వడంలోనూ వరస ఉంది. ముందు బండి ఏ దిక్కుకు బయటికి రావాలో తేల్చుకోవాలి. చాలాసార్లు అది వచ్చిన దారే, ఎందుకంటే చక్రాలు అప్పటికే ఆ మట్టిని అణిచి ఉంటాయి. తర్వాత చక్రాల ఎదుట గోడలా నిలిచిన మట్టిని తీసి వాలుగా చేయాలి. ఆ పైన డిఫరెన్షియల్, అడుగు పలకలు, గుమ్మాల కింది పట్టీలు ఆనిన చోట ఖాళీ చేయాలి. బంకమట్టిలో ఇంకో చిక్కుంది. టైరు పక్క గోడలను మట్టి పీల్చి పట్టుకుంటుంది. పక్కల నుంచి పార గుచ్చి గాలి దూరేలా సందు చేస్తే ఆ పట్టు వదులుతుంది. ఈ చిన్న పని మానేసి బలంగా లాగేవాళ్లే లాగుడు పట్టీలు తెంచుకుంటారు.

టైర్లలో గాలి తగ్గించడం ఇసుకలో సగం రికవరీలను అక్కర్లేకుండా చేస్తుంది. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉండే టైరును 16–18కి దించితే నేలకు ఆనే భాగం, ముఖ్యంగా దాని పొడవు, పెరుగుతుంది. బరువు ఎక్కువ మేర పరుచుకుని చక్రం ఇసుకను తవ్వుకోవడం మానేసి దాని మీద తేలుతుంది. బురదకు 20–25 సరిపోతుంది. దిగబడ్డాక తప్పనిసరైతే 12 దాకా పోవచ్చు. అక్కడికి వచ్చాక స్టీరింగ్ గట్టిగా తిప్పినా, ఒక్కసారి బ్రేకు వేసినా టైరు అంచు రిమ్ము నుంచి జారిపోతుంది. తక్కువ గాలితో వేగం పెంచితే పక్క గోడ వేడెక్కి పాడవుతుంది కాబట్టి గట్టి నేల ఎక్కగానే నింపాలి.

దీనికి కావలసినవి రెండు. ఒకటి గాలి మీటరు. 160 పీఎస్ఐ దాకా గీతలున్న మీటరు మీద 14కూ 18కీ తేడా కంటికి ఆనదు. 60తో ఆగిపోయే మీటరు తీసుకోవాలి. రెండోది కంప్రెసర్. పెట్టె మీద రాసే నిమిషానికి ఇన్ని లీటర్లు అన్న అంకె ఎదురు ఒత్తిడి లేనప్పటిది. టైరులో ఒత్తిడి పెరిగేకొద్దీ అది పడిపోతుంది. కాబట్టి ఒకే ఒత్తిడి దగ్గర ఎంత ఇస్తుందో చెప్పిన కంపెనీల అంకెలనే పోల్చాలి. నిమిషానికి 150 లీటర్ల తరగతి కంప్రెసర్లు 30 నుంచి 45 ఆంపియర్ల దాకా కరెంటు తాగుతాయి. వాటిని సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెడితే ఫ్యూజు పోతుంది. నేరుగా బ్యాటరీకి క్లిప్పులు వేసే రకమే నమ్మదగ్గది. వరసగా నాలుగు పెద్ద టైర్లు నింపే సత్తా ఉందో లేదో అది ఎంతసేపు ఆగకుండా పనిచేయగలదో చెప్పే డ్యూటీ సైకిల్ అంకెలో తెలుస్తుంది.

పట్టు కోసం చక్రం కింద వేసే ట్రాక్షన్ బోర్డుల విషయంలో మోసపోవడం తేలిక. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. మంచివి గాజునార కలిపిన నైలాన్‌తో చేస్తారు. వంచితే వంగి మళ్లీ నిటారవుతాయి. నాసిరకం ప్లాస్టిక్ ఒకటి రెండు సార్లకు విరుగుతుంది, చలిలో ఇంకా త్వరగా పెళుసుబారుతుంది. పొడవు 110 సెంటీమీటర్లకు తగ్గకూడదు. దిగబడిన చక్రం వేగం పుంజుకోవడానికి కనీసం ఆ మాత్రం దారి కావాలి.

బోర్డు పాడయ్యే తీరు గమనించదగ్గది. చక్రం బోర్డు అంచును తాకి, ఎక్కకుండా అక్కడే గిర్రున తిరుగుతుంది. రెండు మూడు సెకన్లలో రబ్బరు రాపిడికి బోర్డు మీది పళ్ల కొసలు మెత్తబడి సాగుతాయి, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది, ఆ వరస పళ్లు నున్నగా అయిపోతాయి. అక్కడి నుంచి ఆ చోట పట్టు దొరకదు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. బోర్డు కొసను టైరు కిందికంటా దూర్చలేదు, ఎందుకంటే ముందు తవ్వలేదు. చక్రం ముందు వాలు తవ్వి, బోర్డు కొసను టైరుకు ఆనేలా లోపలికి తన్ని, లో రేంజి గేరులో చక్రం తిరుగుతోందో లేదో అన్నంత నెమ్మదిగా మొదలుపెట్టాలి. బోర్డులకు రంగు తాడు కట్టి ఉంచాలి. బండి దాటాక అవి అర అడుగు లోతున కూరుకుపోతే వెతికేది ఆ తాడును బట్టే. వీటిని గుంత మీద వంతెనలా వేయకూడదు. అడుగున ఆసరా లేకపోతే మంచి బోర్డయినా విరుగుతుంది.

తాడు కన్నా ముందు కొక్కెం

పట్టీలు, తాళ్లు కొనేముందు అవి బండికి ఎక్కడ తగులుతాయో చూసుకోవాలి. చాలా బండ్లకు ముందు వైపు కనిపించే గుండ్రటి కన్ను లారీ మీదో ఓడలోనో కట్టేసి తీసుకెళ్లడానికి పెట్టింది. బంపర్‌లో మరబిగించే టో ఐ రోడ్డు మీద ఆగిపోయిన బండిని మెల్లగా, తిన్నగా లాక్కెళ్లడానికి ఉద్దేశించింది. కుదుపుతో లాగితే రెండూ ఊడిపోతాయి.

టో బాల్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. ట్రెయిలర్ తగిలించే ఆ ఉక్కు గుండు మీదికి పట్టీ కన్ను తొడిగి లాగితే గుండు మెడ దగ్గర తెగుతుంది. సాగిన పట్టీ చివర అది వడిసెల రాయిలా వస్తుంది. ఇనుప రేకునూ అద్దాన్నీ చీల్చుకుని లోపల కూర్చున్న మనిషి దాకా చేరుతుంది. ఇలా మనుషులు చనిపోయారు. ఏ పరిస్థితిలోనూ, ఎంత మెల్లగా లాగినా, టో బాల్‌కు రికవరీ పట్టీ తగిలించకూడదు.

సరైన రికవరీ పాయింటు నేరుగా చాసిస్ రెయిలుకు కనీసం రెండు హై టెన్సైల్ బోల్టులతో బిగిసి ఉంటుంది. ఆ బండి మోడల్ కోసమే తయారై, ఎంత బరువుకు పనికొస్తుందో అంకె చెక్కి ఉంటుంది. ముందు వైపు రెండు పాయింట్లుంటే బ్రైడిల్ పట్టీ వేసి భారాన్ని రెండింటికీ పంచడం చాసిస్‌కు మేలు. అయితే బ్రైడిల్ పొట్టిగా ఉంటే పంపకం మాయమవుతుంది. రెండు కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలయితే ఒక్కో పాయింటు మీద మొత్తం లాగుడులో 58 శాతం పడుతుంది. 90 అయితే 71 శాతం. 120 దగ్గర ఒక్కో పాయింటూ నూటికి నూరు శాతం మోస్తుంది. పైగా రెండు చాసిస్ రెయిళ్లనూ లోపలికి నొక్కుతుంది. పాయింట్ల మధ్య దూరం 80 సెంటీమీటర్లయితే బ్రైడిల్ కొస అక్కడి నుంచి కనీసం 70 సెంటీమీటర్ల దూరాన ఉండాలి. మూడు మీటర్ల పట్టీ ఈ పనికి సరిపోతుంది.

వెనక చదరపు హిచ్ రిసీవర్ (ట్రెయిలర్ కొక్కెం దూర్చే గొట్టం) ఉన్న బండికి అందులో దూరే రికవరీ హిచ్ కొనడం మంచిది. పట్టీ కన్నును రిసీవర్ లోపలికి తోసి పిన్ను గుచ్చే అలవాటు కనిపిస్తుంది. ఆపద్ధర్మంగా పనిచేస్తుంది కానీ భారమంతా పిన్ను నడిమి మీద పడి వంగుతుంది. వంగిన పిన్ను తర్వాత సుత్తికి కూడా రాదు.

సాగే పట్టీ, సాగని పట్టీ

ఇక్కడ పొరపాటు పడితే మూల్యం పెద్దది కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. దుకాణంలో మూడు రకాల పట్టీలు పక్కపక్కనే వేలాడుతుంటాయి. స్నాచ్ స్ట్రాప్ నైలాన్‌ది, లాగితే సుమారు 20 శాతం సాగుతుంది. టో స్ట్రాప్, వించ్ ఎక్స్‌టెన్షన్, చెట్టుకు చుట్టే ట్రీ ట్రంక్ ప్రొటెక్టర్ పాలియెస్టర్‌వి, సాగుడు చాలా తక్కువ. మూడోది కైనెటిక్ రోప్, అల్లిన నైలాన్ మోకు, 30 శాతం దాకా సాగుతుంది.

లాగే బండి కొంచెం పరుగుతో బయల్దేరితే దాని చలన శక్తి పట్టీ సాగుడులో నిలవై, దిగబడిన బండిని మెత్తగా పెకలిస్తుంది. 9 మీటర్ల పొడవు, 8 టన్నుల తెగుబలం, తెగే దాకా 20 శాతం సాగుడు ఉన్న స్నాచ్ స్ట్రాప్ అనుకుందాం. 2,500 కిలోల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో దాన్ని బిగిస్తే, దిగబడిన బండి అసలు కదలకపోతే, పట్టీ మీద గరిష్ఠంగా 3 టన్నుల దాకా భారం వస్తుంది. వేగం 20 చేస్తే 6 టన్నులు. వేగం ఎన్ని రెట్లయితే భారమూ అన్ని రెట్లు. పట్టీలో దాచుకున్న శక్తి మాత్రం నాలుగింతలవుతుంది. ఏదైనా తెగితే గాల్లోకి విడుదలయ్యేది ఆ శక్తే.

ఇప్పుడు అదే 8 టన్నుల బలంతో, సాగుడు నాలుగో వంతే ఉన్న పాలియెస్టర్ పట్టీ వేసి అదే 10 కిలోమీటర్ల వేగంతో లాగితే భారం రెట్టింపయి 6 టన్నులకు చేరుతుంది. అందుకే టో స్ట్రాప్‌తో కుదుపు ఇవ్వకూడదు. వించ్ తాడు పొడవు చాలనప్పుడు స్నాచ్ స్ట్రాప్‌ను జోడించకూడదన్నది దీనికి తిరగేసిన రూపం. వించ్ నెమ్మదిగా లాగుతూ ఆ నైలాన్‌ను కనిపించని స్ప్రింగులా సాగదీస్తుంది. తాడు బిగువుగా, బండి కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఏదో ఒకటి ఊడే క్షణానికి కావలసిన శక్తి అంతా అందులో చేరి ఉంటుంది.

బలం ఎంచుకునేటప్పుడు ఎక్కువైతే మంచిదే అనుకోవడం ఇక్కడ పనికిరాదు. ఆస్ట్రేలియాలో ఈ పట్టీల లేబుళ్ల మీద ప్రభుత్వం తప్పనిసరి చేసిన సూచనల్లో కనీస తెగుబలం రెండు బండ్లలో తేలికైన దాని మొత్తం అనుమతి బరువుకు 2 నుంచి 3 రెట్లు ఉండాలన్న సూత్రం ఉంది. బండి ఖాళీ బరువు కాకుండా, మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపి కంపెనీ అనుమతించిన బరువును తీసుకోవాలి. 3,000 కిలోల బండికి 8 టన్నుల పట్టీ సరిగ్గా సరిపోతుంది. 1,500 కిలోల చిన్న బండికి 15 టన్నుల పట్టీ వేస్తే అది సాగదు, ఇనుప కడ్డీలా కుదుపునంతా చాసిస్‌కు అందిస్తుంది. కైనెటిక్ రోపుల్లో 19 మిల్లీమీటర్ల తాడు 8–9 టన్నుల తరగతి, 22 మిల్లీమీటర్లది 13 టన్నుల తరగతి. రోజూ బురదలో తిరిగేవాళ్లకు పట్టీకన్నా రోపే మేలు, ఎక్కువ రోజులు మన్నుతుంది, సాగుడు మెత్తగా ఉంటుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు అవసరపడేవాళ్లకు పట్టీ చాలు. మడిస్తే చోటు తక్కువ.

నైలాన్ తడిస్తే బలం తగ్గుతుంది, ఇరవై శాతం దాకా పోవచ్చు. వెంటవెంటనే లాగినా తగ్గుతుంది. సాగిన నార మళ్లీ తన పొడవుకు రావడానికి వ్యవధి కావాలి. రెండు మూడు ప్రయత్నాలకు రాకపోతే వేగం పెంచడం మాని పార తీసుకోవాలి. పట్టీని బిగువుగా కాక రెండు మూడు మీటర్ల వదులుతో నేల మీద పాము మెలికలా పరవాలి. చూసేవాళ్లు పట్టీ పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కకు ఉండాలి. 9 మీటర్ల పట్టీకి అది 13.5 మీటర్లు. పట్టీ సాగే గీతకు ఎదురుగా మాత్రం ఎంత దూరంలోనూ నిలబడకూడదు.

అంకెలు వేరు, అర్థాలు వేరు

షాకిళ్ల (పట్టీని బండికి కలిపే, పిన్ను ఉన్న ఇనుప కొండీల) దగ్గరికి వచ్చేసరికి కొనేవాళ్లను తికమకపెట్టేది పక్కపక్కన రాసిన టన్నులే. పట్టీ మీద రాసేది తెగుబలం, అంటే అది తెగిపోయే అంకె. షాకిల్ మీద చెక్కేది పనిభారం, అంటే నిశ్చింతగా మోయించదగ్గ అంకె. వించ్ మీద రాసేది డ్రమ్ము మీద ఒక్క పొర తాడు ఉన్నప్పటి గరిష్ఠ లాగుడు. మూడింటినీ ఒకే కొలతగా చూసి 8 టన్నుల పట్టీకి 8 టన్నుల షాకిల్ వెతికేవాళ్లున్నారు. అక్కర్లేదు. 19 మిల్లీమీటర్ల బో షాకిల్ పనిభారం 4.75 టన్నులు. పేరున్న తయారీదార్లవి అందుకు ఆరు రెట్ల దగ్గర, 28 టన్నుల పైన గానీ విరగవు. కాబట్టి ఆ షాకిల్ 8–11 టన్నుల పట్టీకి చక్కగా సరిపోతుంది. తెగితే పట్టీ తెగాలి, ఇనుము ఎగరకూడదు. సామానంతా ఈ ఒక్క నియమం మీద కూర్చాలి. పనిభారం అంకె చెక్కిలేని షాకిల్‌ను రికవరీకి వాడకూడదు. అది గేటుకో గొలుసుకో పనికొస్తుంది.

షాకిల్‌ను తిన్నగా లాగితేనే ఆ అంకె వర్తిస్తుంది. 45 డిగ్రీల పక్కవాటుగా లాగితే పనిభారం 70 శాతానికి, 90 డిగ్రీలయితే సగానికి పడిపోతుంది. పిన్ను రికవరీ పాయింటు వైపు, గుండ్రటి విల్లు పట్టీ వైపు ఉండాలి. రెండు పట్టీలను ఇనుప షాకిల్‌తో కలపకూడదు. ఏ పట్టీ తెగినా ఆ ఇనుము గుండయి ఎగురుతుంది.

ఆ పనికి సాఫ్ట్ షాకిల్ ఉంది. హెచ్ఎంపీఈ అనే గట్టి నారతో అల్లిన ఉచ్చు ఇది. ఉక్కుతో పోలిస్తే బరువు లేనట్టే, నీళ్లలో తేలుతుంది. దాని శత్రువు పదునైన అంచు. రేకు కోసి చేసిన రికవరీ పాయింటు రంధ్రం అంచు మీద వేలు పెట్టి తిప్పితే చర్మానికి గీసుకుంటున్నట్టు ఉంటే అక్కడ సాఫ్ట్ షాకిల్ వేయకూడదు. అంచు గుండ్రంగా నునుపు చేసిన చోటే అది నిలుస్తుంది. నాలుగు సాఫ్ట్ షాకిళ్లు, రెండు ఇనుపవి ఉంటే దాదాపు అన్ని సందర్భాలూ గడుస్తాయి.

వించ్ ఎవరికి

ఒంటరిగా తిరిగే బండికి, ఎత్తుపల్లాల్లో మెల్లగా అదుపుతో లాగాల్సిన చోటికి వించ్‌కు సాటి లేదు. రెండు మూడు బండ్లు కలిసి ఇసుకలో తిరిగే గుంపుకు అది ముందు ఇరుసు మీద 30–40 కిలోల అదనపు బరువు. ఇసుకలో కట్టడానికి చెట్టూ దొరకదు.

కొనేవాళ్లు బండి మొత్తం అనుమతి బరువుకు ఒకటిన్నర రెట్ల లాగుడు చూసుకోవాలి. 2,800 కిలోల బండికి 4,200 కిలోలు. ఆ అంకె డ్రమ్ము మీద మొదటి పొరదని చెప్పుకున్నాం. తాడు పొరలు పెరిగేకొద్దీ డ్రమ్ము లావెక్కి, ఒక్కో పొరకు సుమారు పదో వంతు చొప్పున బలం తగ్గుతుంది. నాలుగో పొరకు పావు వంతు నుంచి మూడో వంతు దాకా పోయి ఉంటుంది. దగ్గరి చెట్టుకు కట్టి లాగితే వించ్ ఎందుకు ఏడుస్తోందో దీన్నిబట్టి అర్థమవుతుంది. దూరపు చెట్టుకు కట్టాలి, లేదా కప్పీ వేసి ఎక్కువ తాడు బయటికి తీయాలి. అలాగని డ్రమ్ము ఖాళీ చేయకూడదు. ఉక్కు తాడు 5 చుట్లు, సింథటిక్ తాడు 8–10 చుట్లు మిగలాలి. పట్టు ఉండేది ఆ చుట్ల రాపిడిలోనే, కొసన బిగించిన స్క్రూలో కాదు.

ఉక్కు తాడా, సింథటికా? రాళ్ల మీద ఒరిపిడిని ఉక్కు ఓర్చుకుంటుంది. కానీ పోగులు లేచి చేతులు చీరుతుంది, తెగితే కొరడాలా తిరిగి కొడుతుంది. సింథటిక్ తాడు తేలిక, తెగినా విసురు తక్కువ. ఇసుక రేణువులు, ఎండ, వేడి దాన్ని తినేస్తాయి. ఆ నార సుమారు 145 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే బలం కోల్పోతుంది. డ్రమ్ము లోపలే బ్రేకు ఉన్న వించ్‌లో భారంతో బండిని కిందికి దించితే డ్రమ్ము కాలిపోయేంత వేడెక్కి లోపలి పొర పాడవుతుంది. కాబట్టి సింథటిక్ తాడు ఎంచుకునేవాళ్లు డ్రమ్ము బయట బ్రేకు ఉన్న మోడల్ చూసుకోవాలి. ఉక్కు తాడు తీసేసి సింథటిక్ చుట్టేటప్పుడు తాడు బయటికి వచ్చే చోటి పాత రోలర్లను కూడా మార్చాలి. ఉక్కు వాటి మీద చేసిన గాట్లు కొత్త తాడును మొదటి రోజే కోస్తాయి. నున్నటి అల్యూమినియం హాస్ ఫెయిర్‌లీడ్ (తాడు జారి వచ్చే, రోలర్లు లేని చట్రం) దానికి తగిన జోడీ.

పూర్తి భారంలో విద్యుత్ వించ్ 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. ఆల్టర్నేటర్ ఇచ్చేది అందులో పావో మూడో వంతో. మిగతాది బ్యాటరీ నుంచి పోతుంది. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, నిమిషం లాగి మోటారును చల్లారనివ్వాలి. చేతికి తోలు గ్లవ్స్, తాడు మీద తెగినప్పుడు విసురు తగ్గించే డ్యాంపర్ దుప్పటి తప్పవు. చెట్టుకు చుట్టే పట్టీ 75 మిల్లీమీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు ఉంటే బెరడు కోసుకోదు. మొదలుకు వీలైనంత దగ్గరగా చుట్టాలి.

కప్పీ కొనేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. తాడులో 4 టన్నులుంటే కప్పీని పట్టుకున్న షాకిల్ మీదా చెట్టు పట్టీ మీదా దాదాపు 8 టన్నులు పడుతుంది. కప్పీ, దాని షాకిల్, పట్టీ మూడూ ఆ రెట్టింపుకు తగినవై ఉండాలి. ఈ మధ్య తిరిగే కప్పీ బదులు సాఫ్ట్ షాకిల్‌తో వేసే అల్యూమినియం రింగు వాడకం పెరిగింది. ఎగిరే ఇనుము తగ్గుతుంది. రాపిడి మాత్రం ఎక్కువ కాబట్టి బలం అచ్చంగా రెట్టింపు కాదు. దాన్ని సింథటిక్ తాడుతోనే వాడాలి.

పొడవాటి హై లిఫ్ట్ జాకీ గురించి ఒక్క మాట. ఎత్తు 1.2 మీటర్లు, చేయలేని పని లేదన్నట్టు ఉంటుంది. కానీ భారంలో ఉండగా పిడి చేయి జారితే దవడ పగలగొడుతుంది, మెత్తటి నేలలో పక్కకు ఒరుగుతుంది. పైగా ఇప్పటి ప్లాస్టిక్ బంపర్ల బండ్లకు అది పట్టే చోటే ఉండదు. చాలామందికి మంచి బాటిల్ జాకీ, దాని కింద 30 సెంటీమీటర్ల చదరపు మందపాటి ప్లైవుడ్ పలక చాలు.

వాడాక చూడాల్సినవి

పట్టీలు బురద ఎండకముందే మామూలు నీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎండిన ఇసుక రేణువులు నారల మధ్య చేరి ప్రతి సాగుడుకూ లోపల నుంచి కోస్తాయి. పైకి బాగున్న పట్టీ తెగడానికి ఎక్కువగా ఇదే కారణం. ఆరాక వేళ్ల మధ్య నుంచి మొత్తం పొడవూ జార్చి చూడాలి. అంచు కుట్లు తెగినా, ఒకచోట బిరుసుగా, మెరుస్తూ కరిగినట్టు తగిలినా, రంగు వెలిసి పొడిలా రాలుతున్నా దాని పని అయిపోయింది. షాకిల్ పిన్ను వేళ్లతో సులువుగా తిరగకపోతే విల్లు సాగి ఉండవచ్చు. వాడకం నుంచి తీసేసిన పట్టీని సామాన్ల గదిలో మూలన పడేయకూడదు. ఇంకెవరో తొందరలో తీసుకెళ్తారు. రెండు కన్నులూ కోసేసి, మధ్యలో రెండు మూడు ముక్కలు చేసి అప్పుడు పారేయాలి.